రెండు గళ్లలో ఒకే అంకె

పుదుచ్చేరి మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ప్లాస్టిక్ వస్తువులకు అచ్చులు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉంది. అర్చిత అక్కడ ఇంజనీరు. ఉక్కుదిమ్మను అచ్చుగా చెక్కడానికి ముందే, కరిగిన ప్లాస్టిక్ అందులో ఎటు పారుతుంది, చల్లారాక ఎంత ముడుచుకుంటుంది, ఎక్కడ వంగుతుంది అన్నది కంప్యూటర్లో లెక్క కట్టి చూపించడం ఆమె పని. ఆ సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషి కంపెనీలో ఆమె ఒక్కతే. అందుకని ఇరవై ఎనిమిదేళ్లకే ఆమె మాటకు అక్కడ ఎదురు లేకుండా పోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నాన్న బాలకృష్ణన్‌కు బజారులో పాత్రల కొట్టు. నాలుగు తరాలుగా వాళ్లది పుదుచ్చేరే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు చదవడం ఆమెకు రాదు. చెవిన పడి వచ్చిన భాష అది. ఫ్యాక్టరీలో ఆమెతో ఆ భాష మాట్లాడేది రఘునాథన్ ఒక్కరే. ముప్పై నాలుగేళ్లుగా అచ్చులు చెక్కుతున్న మనిషి, టూల్ రూమ్‌కు పెద్ద. ఈమె చేరిన మొదటి వారంలోనే టీ దగ్గర ఆమె ఇంటికి ఫోన్లో మాట్లాడటం విని, "మన పిల్లేనా నువ్వు? ఏ వీధి?" అని అడిగారు. ఆనాటి నుంచి ఆమె ఆయనకు పాప, ఆయన ఆమెకు మామ.

ఆ జూన్‌లో చెన్నై కంపెనీ ఒకటి చేపల పడవల్లో పెట్టే బ్యాటరీ పెట్టెకు మూత కావాలంది. జానెడున్నర పొడుగు, బెత్తెడు వెడల్పు. ఉప్పునీళ్లు లోపలికి పోకుండా మూత నాలుగువైపులా పెట్టెకు అంటుకుపోవాలి. ముప్పై శాతం గాజుపోగులు కలిపిన నైలాన్‌తో చెయ్యాలన్నారు. ఆ నైలాన్ రకం సాఫ్ట్‌వేర్ జాబితాలో లేదు. దాని గుణాలన్నీ అర్చితే టైపు చేయాల్సి వచ్చింది.

పదార్థపు గట్టిదనం ఎంత అని సాఫ్ట్‌వేర్ రెండు గళ్లలో అడుగుతుంది: ప్లాస్టిక్ పారే దిక్కులో ఒకటి, దానికి అడ్డంగా ఒకటి. వేడికి ఎంత సాగుతుంది అన్నదీ అలాగే రెండు గళ్లు. గాజుపోగులు కలిసిన ప్లాస్టిక్‌కు ఇవి వేరువేరుగా ఉంటాయి. కాలవలో గడ్డిపోచలు నీటివాలుకు తిరిగినట్టు, పోగులన్నీ పారే దిక్కుకు తిరిగి పడుకుంటాయి. ఆ దిక్కులో ముక్క గట్టిగా ఉండి కొంచెమే ముడుచుకుంటుంది. అడ్డంగా మెత్తగా ఉండి ఎక్కువ ముడుచుకుంటుంది. వస్తువు వంగేది ఆ తేడా వల్లనే.

నైలాన్ అమ్మేవాళ్లు పంపింది ఒక్క పేజీ. అందులో గట్టిదనానికి ఉన్నది ఒక్కటే అంకె, తొమ్మిది వేలు. రెండోది కావాలని అర్చిత రెండు మెయిళ్లు పెట్టింది. జవాబు రాలేదు. గురువారం సాయంత్రం అయిదుకల్లా రిపోర్టు పంపాలి. నాలుగుంబావుకు ఆమె మొదటి గడిలో తొమ్మిది వేలు వేసి, రెండో గడిలోనూ అదే వేసింది. వేడి గళ్లు రెండూ అలాగే నింపింది. గాజుపోగుల వివరాలు అడిగే పేజీని ఖాళీగా వదిలేసింది.

దాని కింద ఇంకో ప్రశ్న ఉంది: ఈ అంకెలు ఎక్కడివి? పరీక్ష చేసి తేల్చినవా, అంచనా వేసినవా? అంచనా అని పెడితే రిపోర్టు మొదటి పేజీలో పసుప్పచ్చ పట్టీ ఒకటి అచ్చవుతుంది, ఫలితాలను పూర్తిగా నమ్మవద్దని. కిందటిసారి ఆ పట్టీ చూసి కస్టమర్లు పది ప్రశ్నలు వేశారు. యజమాని దేవరాజన్‌కు అదంటే గిట్టదు. అర్చిత 'పరీక్ష చేసి తేల్చినవి' అని నొక్కింది. మూత పాయింట్ నాలుగే, అంటే అర మిల్లీమీటరు కూడా వంగదని లెక్క వచ్చింది. పట్టీ లేని రిపోర్టు అయిదుకు ముందే వెళ్లిపోయింది.

మర్నాడు టీ దగ్గర రఘునాథన్ అడిగారు.

"పాపా, ఆ మూతకి గాజు ఏసిన నైలాన్ అంట కదా?"

"అవును మామా. ముప్పై శాతం."

"అది పొడుగున ఒక మాదిరి ముడుచుకుంటాది, అడ్డంలో ఇంకో మాదిరి. మూతేమో పొడుగ్గా ఉండాది. నీ కంప్యూటర్లో రెండూ ఏసి చూసినావా?"

"అన్నీ ఏసినా మామా. అది చూసుకుంటాది."

"సరి. నువ్వు సెప్తే సరే," అని ఆయన గ్లాసు కడిగి బోర్లించి లోపలికి పోయారు.

ఏడు వారాల్లో అచ్చు తయారైంది. ఉక్కు అద్దంలా మెరిసింది. మొదటి ట్రయల్లో మిషన్ నుంచి వచ్చిన మూతలను ఒక రోజు చల్లారబెట్టి, చదునైన కొలత బల్ల మీద పెట్టారు. ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేచింది. నడిమధ్యలో కింద వేలిగోరు దూరేంత సందు. కొలిస్తే రెండు పాయింట్ మూడు మిల్లీమీటర్లు.

దేవరాజన్ తన గదిలో అర్చితను, రఘునాథన్‌ను కూర్చోబెట్టి రిపోర్టు బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు, కానీ కాగితాన్ని నమ్మే మనిషి.

"కాగితంలో పాయింట్ నాలుగు. చేతిలో రెండు పాయింట్ మూడు," అన్నాడు తమిళంలో. "ఈ రెండింటి మధ్యలో ఉన్నది టూల్ రూమ్ ఒక్కటే."

రఘునాథన్ రిపోర్టు వైపు చూశారు, తర్వాత అర్చిత వైపు. ఆ చూపులో అనుమానం లేదు. ఆమెకేమైనా తోచిందా అని అడుగుతున్నట్టు ఉంది. అర్చిత పెన్ను మూత తీసి పెట్టింది. ఆ నిమిషంలో రెండో గడి సంగతి ఆమె మరిచిపోయింది అనడం సరికాదు. గుర్తు చేసుకోలేదు.

"చూస్తాను సార్," అన్నారు రఘునాథన్.

ఆయన అచ్చు విప్పి మొదటి నుంచి కొలిచారు. రెండు చోట్ల సానపట్టారు. రెండో ట్రయల్లో రెండు పాయింట్ రెండు. చల్లార్చే నీటి గొట్టాలు మార్చి బిగించారు. మూడో ట్రయల్లో మళ్లీ రెండు పాయింట్ మూడు. చెన్నై నుంచి కోపంగా ఫోన్లు వచ్చాయి. దేవరాజన్ టూల్ రూమ్‌లోకి వెళ్లి, పదకొండు మంది ముందు, "వయసైపోతే ఒప్పుకోవాలి, ఉక్కు పాడు చేయకూడదు," అన్నాడు. సోమవారం నుంచి రఘునాథన్‌ను వెనక షెడ్డుకు పంపాడు. పాడైన ముక్కలను మళ్లీ గింజలుగా నూరే మిషన్ ఉన్న షెడ్డు అది. చెవులు చిల్లులు పడే మోత, ముక్కులో దూరే దుమ్ము. ఆయన ముఖానికి తువ్వాలు కట్టుకుని పొద్దంతా ఆ మిషన్లో ముక్కలు పోస్తూ నిలబడేవారు.

ఆ వారమే ఇంకో ఆర్డరుకు అదే నైలాన్ అన్నారు. అర్చిత పాత పేజీ తెరిచింది. తొమ్మిది వేలు. దాని పక్కన తొమ్మిది వేలు.

ఆమె కొత్త ఆర్డరు కాగితం పక్కన పెట్టింది. తర్వాత జాబితాలో దీనికి దగ్గరగా ఉన్న ఇంకో నైలాన్ తీసుకుని, రెండు దిక్కులకూ దాని అంకెలు వేసి, గాజుపోగుల పేజీ కూడా నింపి, మూతను మళ్లీ లెక్కకు పెట్టింది. నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఎక్కడికీ లేవలేదు. తెర మీద మూత మెల్లగా నడుము ఎత్తింది. రెండు పాయింట్ రెండు. కొలత బల్ల మీద ఎలా వంగిందో అచ్చం అలాగే.

వెనక ఎవరూ లేరు, అయినా కిటికీ మూసినట్టు ఆ పేజీని టక్కున మూసేసింది.

ఆ సాయంత్రమే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. రేపు చెబుదామనుకుంది. మర్నాడు దేవరాజన్ చిరాకులో ఉన్నాడు, ఎల్లుండి అనుకుంది. ఎల్లుండి ఆయన ఊళ్లో లేడు. అలా తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజులూ ఆమె బండిని వెనక షెడ్డు వైపు కాకుండా ముందు గేటు దగ్గర ఎండలో పెట్టింది. టీ బల్ల దగ్గరికే తెప్పించుకుంది. ఇంట్లో వాళ్లమ్మ ఎవరితోనో ఫోన్లో, "మా అర్చిత సరే అంటేనే అక్కడ ఇనుము ముట్టుకుంటారంట," అని మురిసిపోతుంటే, లేచి మేడ మీదికి పోయింది. నైలాన్ వాళ్లు జవాబివ్వకపోతే తన తప్పేముంది అని తనకు తాను చెప్పుకుంది. నిజమే అనిపించేది. 'పరీక్ష చేసి తేల్చినవి' అన్న మాట గుర్తొచ్చేదాకా.

పదో రోజు మధ్యాహ్నం తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టయి తలెత్తింది. రఘునాథన్. చెప్పులు బయట విడిచి, చొక్కా మీది దుమ్ము దులుపుకుంటున్నారు.

"పనిలో ఉన్నావా పాపా? ఒక్క నిమిషం."

"రాండి మామా."

ఆయన కుర్చీలో కూర్చోలేదు. దుమ్ము అంటుతుందనుకున్నారేమో.

"నా చెయ్యి యాడ తప్పిందో నాకు తెలియలా. మూడుసార్లు కొలిచినా. అంతా సరిగానే ఉండాది. కానీ మూత వంగిపాయ. నీ కంప్యూటర్లో చూస్తే ఏమన్నా తెలుస్తాదా?"

అర్చిత మౌస్ మీద చెయ్యి వేసింది.

"పని గురించి కాదు పాపా. ఈ షెడ్డు పనైనా పనే. తప్పు చేసినా అంటే ఒప్పుకుంటా. యాడ చేసినానో తెలియాల కదా. తెలియకుండా ఎట్లా ఒప్పుకునేది?"

ఆ పేజీ అప్పుడు కూడా తెర మీదే ఉంది, ఇంకో పేజీ వెనక. ఒక్కసారి నొక్కితే కనిపించేది. అర్చిత నోరు తెరిచింది. అందులోంచి వచ్చిన మాట ఆమెకే కొత్తగా వినబడింది.

"నీళ్ల దోవ మామా. అచ్చు అడుగున చల్లార్చే నీళ్ల దోవ కొంచెం పక్కకి పోయినట్టుంది. అందుకని ఒక పక్క ముందుగా చల్లారి…"

"పక్కకా? ఎంత?"

"ఒకటి… ఒకటిన్నర మిల్లీమీటరు."

"ఒకటిన్నరా," అన్నారు ఆయన. కుడిచెయ్యి తిప్పి అరచేతి వైపు చూసుకున్నారు. "అంత తప్పినానా." చెయ్యి దించి, "సరి పాపా. సెప్పినావు, అది చాలు. ఇంకెవురూ సెప్పలా," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

సోమవారం ఆయన రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆ వారమంతా నూరే మిషన్ దగ్గర ఇంకెవరో నిలబడ్డారు. శనివారం దేవరాజన్ మామూలుగా అన్నాడు, రఘునాథన్ ఇంక రానని కబురు పంపాడని.

ఆదివారం పొద్దున అర్చిత బండి తీసుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. వైతికుప్పం దాటాక సముద్రం వైపు తిరగకుండా ఎడమకు పోతే వచ్చే సందులో, మేడ లేని చిన్న ఇల్లు. తలుపు తీసింది ఆయన భార్య కనగం.

"నువ్వేనా అర్చిత? రామ్మా, రా. నీ పేరు సెప్తానే ఉంటాడు. మన భాష మాట్లాడే బిడ్డ ఆఫీసులో ఉండాదని ఎంత సంతోషమో ఆయనకి."

అర్చిత చాప మీద కూర్చుంది. పాలు తేవడానికి పోయాడు, వచ్చేస్తాడు అంది కనగం. అంటూనే గొంతు తగ్గించింది.

"ఫ్యాక్టరీలో ఏమయింది, నువ్వైనా సెప్పమ్మా. నాకేమీ సెప్పడు. కన్ను పోయిందంటాడు. కంటి ఆస్పత్రికి పోయినాడు, కన్ను బాగుండాదన్నారు. నమ్మలా. ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోయినాడు. ఆయమ్మా అదే మాట. అయితే చెయ్యి వణుకుతా ఉండాదంటాడు. యాడ వణుకుతాది? నాకు కనబడదే." కనగం తన చేతులు ముందుకు చాపింది. మోచేతి దాకా బోసిగా ఉన్నాయి. "ఆ కొలిచే సామాను తీసి నా గాజులు కొలుస్తా కూర్చుంటాడు. పొద్దున కొలిచి రాస్తాడు, సాయంత్రం మళ్లా కొలుస్తాడు. రెండూ ఒకటే వస్తాది. అయినా మళ్లా కొలుస్తాడు. ఈ వారంగా నాకు గాజులు ఏసుకునే పని లేదు."

చెప్పి నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. కిటికీ గూట్లో మైక్రోమీటరు, దాని పక్కన ఎర్రగాజులు, ఒక చిన్న నోటుబుక్కు ఉన్నాయి. తెరిచి ఉన్న పేజీ నిండా అంకెలు. ఒకే అంకె, వరసగా, కిందిదాకా. అర్చిత ఆ పేజీ వైపు చూడలేకపోయింది. గోడ వైపు చూసింది, నేల వైపు చూసింది. లేచి వెళ్లిపోవాలనిపించింది. ఇప్పుడు పోతే ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు, ఎన్నటికీ.

రఘునాథన్ పాల ప్యాకెట్లతో లోపలికి వచ్చి ఆమెను చూశారు. ముఖం వికసించింది.

"పాపా! ఏంది ఇంత దూరం? కాఫీ పెట్టవే."

"మామా, నీళ్ల దోవ తప్పలా," అంది అర్చిత, లేచి నిలబడి. "నేను అబద్ధం సెప్పినా."

ఆయనకు అర్థం కాలేదు. అర్చిత మొదటి నుంచి చెప్పింది. రెండో అంకె రాకపోవడం, గురువారం సాయంత్రం, రెండు గళ్లలో ఒకే అంకె వేయడం, పరీక్ష చేసినవని పెట్టడం, ఆయన షెడ్డుకు పోయాక మళ్లీ లెక్క వేసి చూడటం. ఎక్కడా ఆగకుండా చెప్పింది, ఆగితే చెప్పలేనని. ఆయన పాల ప్యాకెట్లు చేతిలోనే పట్టుకుని విన్నారు.

"టీ దగ్గర నేను అడిగినా కదా, రెండూ ఏసినావా అని."

"అడిగినారు."

"అంకె తప్పు ఎవురైనా ఏస్తారు. నేనూ ఏసినా, ఒకసారి కాదు." ఆయన ప్యాకెట్లు కింద పెట్టారు. "నేను నీ రూముకి వచ్చి అడిగిన దినం, అప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే సెప్పినావా, ఒకటిన్నర అని?"

"తెలిసే సెప్పినా."

"ఆ ఒకటిన్నర యాడనుండి తెచ్చినావు?"

అర్చిత ఉన్నదే చెప్పింది.

"నోటికొచ్చింది మామా."

వంటింటి గుమ్మంలో కనగం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటున్నదో. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. కాసేపటికి స్టవ్ ఆపిన చప్పుడు వినిపించింది.

రఘునాథన్ గూటి దగ్గరికి వెళ్లి గాజులు తీసి, ఒక్కొక్కటే చూసి, భార్య వెళ్లిన వైపు పట్టుకెళ్లి ఇచ్చి వచ్చారు. ఆయన కోప్పడితే బాగుండునని అర్చిత ఎదురుచూసింది. ఆయన కోప్పడలేదు.

"పోయిరాండి మేడం," అన్నారు.

ఆమె బండి దగ్గరికి వచ్చి తాళం ఎక్కడ పెట్టిందో గుర్తురాక, చేతిలోనే ఉన్నదాన్ని సంచీలో వెతుక్కుంది. సందులో ముగ్గు వేస్తున్న ఒకామె తలెత్తి చూసింది. ఆమెకు కూడా అంతా తెలిసిపోయినట్టే తోచింది అర్చితకు.

సోమవారం పొద్దున దేవరాజన్ గదిలో కూర్చుని అదే కథ తమిళంలో చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"రఘునాథన్ గారికి."

"సరే. ఆయన్ని వెనక్కి పిలిపిస్తాను. నువ్వు సరైన అంకెలతో కొత్త రిపోర్టు తయారుచెయ్యి. మెటీరియల్ మారింది అందాం. ఇది ఈ గదిలోనే ఉండనీ."

ఆ మాట వినగానే ఆమెకు ఒళ్లంతా తేలికైంది. ఆ తేలికదనం తెలియగానే, అంతవరకు పడిన సిగ్గు కన్నా ఎక్కువ సిగ్గేసింది. ఎవరైనా ఇలా అంటారేమోనని తాను ఇన్నాళ్లూ కాచుకుని ఉందన్నమాట.

"ఆయన చెయ్యి తప్పిందని టూల్ రూమ్‌లో అందరి ముందూ అన్నారు సార్," అంది. "కాదన్నది కూడా అక్కడే చెప్పాలి. నేనే చెప్తాను. చెన్నై వాళ్లకు కూడా."

"నీ పేరు పోతుంది. నీతో పాటు నా కంపెనీ పేరు."

"మెటీరియల్ మారిందని అబద్ధం రాసి నేను సంతకం పెట్టను సార్. ఒకసారి పెట్టింది చాలు."

దేవరాజన్ కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. చివరికి కళ్లజోడు పెట్టుకుని, "నేను కూడా అక్కడ ఒక మాట అన్నాను కదా," అని లేచాడు.

టూల్ రూమ్‌లో మిషన్లు ఆపించారు. ఆ నిశ్శబ్దంలో పదకొండు మంది ఆమె వైపు చూశారు. ఆమె అనుకుని వచ్చిన మాటలు అన్నీ పోయాయి. మూత వంగడానికి కారణం అచ్చు కాదని, తాను కంప్యూటర్లో వేసిన అంకె అని, అది పరీక్ష చేయని అంకె అని, చేశారని తాను అబద్ధం రాసిందని చెప్పింది. లేత్ మిషన్ దగ్గర పనిచేసే వీరరాఘవన్ చేతులు తుడుచుకుంటూ, "అయితే కంప్యూటర్ కూడా అబద్ధం చెప్తుందన్నమాట," అన్నాడు.

"కంప్యూటర్ కాదు. నేను."

దేవరాజన్ నేల చూస్తూ, తాను రఘునాథన్‌ను అన్న మాట తప్పని రెండు ముక్కల్లో చెప్పాడు. ఆయన ముగించకముందే వీరరాఘవన్ లేత్ ఆన్ చేశాడు.

బుధవారం చెన్నై కంపెనీ తరఫున నాణ్యత చూసే కవిప్రియ వచ్చింది. అర్చిత వయసే ఉంటుంది. విన్నాక, ఇన్నాళ్లూ మీ పాత రిపోర్టులన్నీ నేను నమ్మాను, ఇప్పుడు వాటిలో ఏది నమ్మాలో చెప్పండి, అంది. అర్చిత గత రెండేళ్ల రిపోర్టులు పదిహేడూ తీసి, ఏ అంకె ఎక్కడిదో ఒక్కొక్క దానికీ రాసి ఇచ్చింది. మూడు రోజులు పట్టింది. ఇంకో రిపోర్టులో కూడా అంచనా అంకె ఒకటి పరీక్ష పేరుతో ఉంది. అది చిన్నది, దానివల్ల ఏ నష్టమూ జరగలేదు. అయినా దాన్నీ రాసింది, మిగతావాటి కన్నా కష్టంగా.

రఘునాథన్ కోసం దేవరాజన్ ఆ సోమవారమే స్వయంగా వెళ్లి వచ్చాడు. నాలుగు రోజుల తర్వాత, శుక్రవారం పొద్దున, ఆయన పనిలోకి వచ్చారు. టూల్ రూమ్‌లో తన బల్ల తుడుచుకున్నారు. తర్వాత నేరుగా అర్చిత గది గుమ్మం దగ్గరికి వచ్చారు. చెప్పులు విడవలేదు.

"కొత్తగా లెక్క ఏసే ముందు, ఈ నైలాన్ ముక్కలు రెండు దిక్కుల్లోనూ కోసి ల్యాబుకి పంపాల మేడం. పొడుగున అయిదు, అడ్డంలో అయిదు. నేను కోసిస్తా."

"సరే… సరే మామా," అంది ఆమె.

ఆయన తల ఊపి వెళ్లారు. మామా అన్న పిలుపును ఆయన వద్దనలేదు, అందుకోనూ లేదు.

ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. పొడుగున ఎనిమిది వేల ఏడువందలు. అడ్డంగా నాలుగు వేల తొమ్మిది వందలు. ఆ అంకెలతో అర్చిత మళ్లీ లెక్క వేసింది. మూత ఎంత వంగుతుందో, అంతే మేర అచ్చును ఎదురు వైపుకు వంచి చెక్కాలని, అప్పుడు చల్లారేసరికి మూత చదునుగా వస్తుందని రఘునాథన్ అన్నారు. ఉక్కు మీద అది చెక్కడానికి ఆయనకు పన్నెండు రోజులు పట్టింది. నాలుగో ట్రయల్లో మూత బల్ల మీద కదలకుండా కూర్చుంది. పాయింట్ మూడు. టూల్ రూమ్‌లో వాళ్లంతా దాన్ని చేతుల్లో తిప్పి చూశారు. అది చేతులు మారి మారి అర్చిత దాకా వచ్చేసరికి, భోజనాల గంట కొట్టారు.

ఆమెను ఉద్యోగంలోంచి తీయలేదు. ఆ పని తెలిసినవాళ్లు ఇంకొకరు లేరు. కానీ రఘునాథన్ ఒక షరతు పెట్టారని తర్వాత తెలిసింది. పదార్థపు గుణాల పేజీ మీద తన సంతకం కూడా పడితే తప్ప టూల్ రూమ్‌లో ఉక్కు కోయరు. దేవరాజన్ ఒప్పుకున్నాడు. ఇంట్లో ఈ విషయం అర్చిత తానే చెప్పింది. నాన్న తింటున్న చెయ్యి ఆపి, "మళ్లా ఆ మనిషి కోసం ఏం చేసినావు?" అని అడిగాడు. ఏం చేయగలదో ఆమెకు తెలియలేదు. వాళ్లమ్మ ఆ తర్వాత ఎవరి దగ్గరా కూతురి ఉద్యోగం ఊసెత్తలేదు.

ఇప్పుడు ప్రతి కొత్త ఆర్డరుకూ రఘునాథన్ ఆమె గదిలోకి వస్తారు. కుర్చీ లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, తెర మీది గళ్లను వేలితో ఒక్కొక్కటే చూపిస్తారు. నిన్న ఒక పంపు చక్రం పని వచ్చింది.

"ఇది ఏంది?"

"పారే దిక్కులో గట్టిదనం."

"యాడనుండి వచ్చింది?"

"ల్యాబు నుండి. కాగితం ఇదిగో."

ఆయన కాగితం తీసుకుని అంకెతో అంకె పోల్చుకున్నారు. తర్వాతి గడి, దాని తర్వాతి గడి. వేలు కిందికి దిగుతూ ఒక చోట ఆగింది.

"ఇదేంది, ఖాళీగా ఉండాది?"

"వేడికి అడ్డంలో ఎంత సాగుతాదో అది. సోమవారం సెప్తామన్నారు."

రఘునాథన్ పెన్ను జేబులో పెట్టుకుని లేచారు.

"సోమవారం వస్తా మేడం," అని టూల్ రూమ్‌కు వెళ్లిపోయారు. అర్చిత ఆ గడిని అలాగే వదిలి, పేజీని భద్రం చేసింది.